కాన్వెంటులో చదివానని చెప్పను

నేను ఇంగ్లీషు టీచర్‌ని. చదివింది తెలుగు మీడియం. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన చెబితే మా ఎల్బీనగర్ వైపు చాలామంది ముఖాలు మారిపోతాయి. మొదటిది చెప్పి రెండోది మింగెయ్యమని నాకు సలహా ఇచ్చినవాళ్ళు తక్కువమందేం కాదు. అందరూ నా మేలు కోరినవాళ్ళే. నేను మింగలేదు. ఎందుకు మింగలేదో, దాని కోసం ఏం పణంగా పెట్టానో రాద్దామని కూర్చున్నాను.

మాది హయత్‌నగర్ దాటాక వచ్చే ఊరు. పదో తరగతి దాకా ఊళ్ళో ప్రభుత్వ బడి, తర్వాత ఇంటర్, ఆ పైన దూరవిద్యలో డిగ్రీ. మా బడిలో ఇంగ్లీషు పాఠం ఎలా జరిగేదంటే, సారు ఒక వాక్యం చదివి దాని అర్థం తెలుగులో చెప్పేవారు. మేం అర్థం విని, గైడులో ఉన్న జవాబు బట్టీ పట్టేవాళ్ళం. పాఠం తెలుగులో విన్నాం, జవాబు ఇంగ్లీషులో రాశాం, మధ్యలో ఇంగ్లీషు మాకు ఎక్కడా తగల్లేదు. అయినా ఆ భాష అంటే నాకు ఒకటే ఆశ. గోడ అవతల పెళ్ళి జరుగుతుంటే పాటలు వినిపిస్తాయి, మనుషులు కనిపించరు చూడండి, అలా ఉండేది.

డిగ్రీ అయ్యాక ఎల్బీనగర్‌లో అక్కా బావల దగ్గరికి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపులో పనికి కుదిరాను. మా సందు నిండా కోచింగ్ సెంటర్లు. మెట్రో స్తంభాల మీద, హాస్టల్ మెట్ల మీద, ఆటోల వెనక, మిర్చీ బండి రేకు మీద కూడా ఇంగ్లీషు నేర్పుతామనే కాగితాలే. ఆ సెంటర్లు ఇచ్చే మెటీరియల్ మొత్తం మా మిషన్ లోంచే వెళ్ళేది. ఒకరు చదివి పాసైన కాగితాలు వందమందికి, ఆ వందమంది నుంచి ఇంకో వందమందికి. కొన్ని కాగితాలైతే జిరాక్స్‌కి జిరాక్స్ అయి, అక్షరాలు చీమల బారులాగా తయారైనా సరే, అడిగి తీసుకుపోయేవాళ్ళు.

మధ్యాహ్నం క్లాసులు నడిచే వేళ షాపులో ఈగలు తోలుకోవడమే పని. అప్పుడు ఓనరుతో చెప్పి, రెండు సందుల అవతల ఉన్న గవర్నమెంటు లైబ్రరీకి వెళ్ళేదాన్ని. అక్కడ కుర్చీ దొరకడం అంటే పండగ బస్సులో సీటు దొరకడమే. గ్రూప్స్‌కీ, పోలీసు ఉద్యోగాలకీ చదువుకునేవాళ్ళు పొద్దున్నే వచ్చి కుర్చీ మీద కర్చీఫ్ వేసి టిఫినుకి పోతారు. ఆ కర్చీఫ్‌ని ఎవరూ ముట్టుకోరు. అది అక్కడి చట్టం. కొత్తలో తెలియక ఒకసారి కర్చీఫ్ పక్కకు జరిపి కూర్చున్నాను. కాసేపటికి ఒకతను వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, గీ సీటు నాది."

"కర్చీఫ్ నీది తమ్మీ. కుర్చీ గవర్నమెంటుది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతను నా చేతిలో పుస్తకం వంక చూశాడు. "గిది ఏ ఎగ్జామ్‌కు?"

"ఏ ఎగ్జామ్‌కు కాదు. కథల పుస్తకం."

"మరి గిదానికి కుర్చీ ఎందుకక్కా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. లేచి వెనక బీరువాల మధ్యకు పోయి నేల మీద కూర్చున్నాను. అక్కడ ఫ్యాను గాలి రాదు కానీ కర్చీఫ్‌లూ రావు. ఆ తర్వాత నాలుగేళ్ళు నా చోటు అదే.

ఆ బీరువాల్లో చివరిది ఇంగ్లీషు పుస్తకాలది. లైబ్రేరియన్ గారు తాళం తీస్తూ, "గవి ఎవ్వరు ముట్టరమ్మా. దుమ్ము ఉంటది, ముక్కుకు చున్నీ కట్టుకో" అన్నారు. మొదటి పుస్తకాన్ని నేను చదవలేదు, తవ్వాను. ఒక పేజీలో నాకు తెలిసిన మాటలు దొరికితే వాటిని పట్టుకుని తెలియని మాటల మీదికి అడుగు వేసేదాన్ని. డిక్షనరీ తీస్తే కథ ఆగిపోతుందని తీసేదాన్ని కాదు. ఎవరు ఎవరి మీద కోపంగా ఉన్నారు, ఎవరు ఇల్లు వదిలి పోతున్నారు, అంత తెలిస్తే చాలు. ఆ పుస్తకం నాకు సగం కూడా అర్థం కాలేదు. రెండోసారి చదివితే ఇంకొంచెం తెరుచుకుంది. మూడోసారి చదువుతుంటే ఒక చోట ఏడుపొచ్చింది. ఇంగ్లీషులో ఏడుపు రావడమంటే ఏమిటో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆ రోజు షాపుకి తిరిగి వెళ్తుంటే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ బోర్డులన్నీ చిన్నవిగా కనిపించాయి.

ఇబ్బంది ఒకటే. నా ఇంగ్లీషు నా కళ్ళకు తెలుసు, నోటికి తెలియదు. వినకుండా నేర్చుకున్న భాష అది. అందుకని సాయంత్రాలు మా బిల్డింగు మీద నీళ్ళ ట్యాంకుల మధ్య నిలబడి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. పక్కింటావిడ మా అక్కతో, "మీ చెల్లె ఫోన్‌ల ఎవరితోనో రోజూ లొల్లి పెట్టుకుంటున్నది, జర చూసుకో" అందట. అక్క పైకి వచ్చి నా చేతిలో ఫోన్ లేకపోవడం చూసి ఇంకా ఎక్కువ భయపడింది.

"గోడతోని మాట్లాడుతున్నవేందే? పిచ్చిగాని లేసిందా?"

"ఇంగ్లీషు టీచర్ అయితనక్కా."

"టీచరా? నువ్వా?" అక్క నవ్వలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది. "అయితే సర్టిఫికెట్ ఉండాలె గద. పోయి స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్‌ల చేరు. ఊరికె చదివితే ఎవడిస్తడే ఉద్యోగం?"

అక్క మాట తీసెయ్యలేక మా షాపు పైనే ఉన్న సెంటర్లో చేరాను. అక్కడి మాస్టారు గోదావరి జిల్లా మనిషి, మంచివాడు. మా అందరికీ రెండు పేజీల కాగితం ఒకటి ఇచ్చారు. ఇంటర్వ్యూలో మన గురించి మనం ఎలా చెప్పుకోవాలో అందులో ఉంది. ఆ కాగితం నాకు పాత చుట్టమే. ఎన్ని వందలసార్లు మా మిషన్ మీద పెట్టానో. అందులో చెప్పుకునే అభ్యర్థిది గుంటూరు, తండ్రి బ్యాంకు ఉద్యోగి, తల్లి గృహిణి, హాబీ పుస్తకాలు చదవడం. మన పేరు మాత్రం ఖాళీలో పెట్టుకోవాలి. మిగతావి కూడా మార్చుకోవాలని మాస్టారు చెప్పలేదు, చెప్పాల్సిన పని ఉందని ఆయనకు తోచలేదు.

మాక్ ఇంటర్వ్యూ రోజున నాదర్‌గుల్ నుంచి వచ్చే అబ్బాయి మొదట లేచాడు. వాళ్ళకి అక్కడ పొలం ఉండేది, ఇప్పుడు ప్లాట్లు. చేతులు వెనక్కి కట్టుకుని, పైకప్పు వైపు చూస్తూ, తనది గుంటూరనీ తన తండ్రి బ్యాంకు ఉద్యోగి అనీ ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాడు. తర్వాత లేచిన హయత్‌నగర్ అమ్మాయి తండ్రీ బ్యాంకు ఉద్యోగే. మూడో అతని తండ్రీ అంతే. మాస్టారు చెయ్యి పైకెత్తారు.

"ఆగండాగండి. ఏంట్రా, మీ నాన్నగారు బ్యాంకులో చేస్తారా?"

"లేదు సార్," అన్నాడు నాదర్‌గుల్ అబ్బాయి. "మా నాయిన రియల్ ఎస్టేట్. గీ కాగితంల బ్యాంకని ఉన్నది."

"మరి గుంటూరు ఎప్పుడైనా వెళ్ళావా?"

"బస్సుల పోతుంటే చూసిన సార్."

క్లాసంతా పగలబడి నవ్వింది, మాస్టారితో సహా. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక మాత్రం నాకు ఎక్కడో కాలింది. అతనికి మాటలు రాక కాదు. షాపు దగ్గర నిలబడి వాళ్ళ నాయిన ప్లాటు అమ్మేటప్పుడు ఎలా బేరమాడతాడో చెబుతుంటే మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. అంత కథ ఉన్న మనిషి, ఇంగ్లీషు అనగానే ఇంకొకరి తండ్రిని అద్దెకు తెచ్చుకున్నాడు. ఇంగ్లీషులో చెప్పడానికి తన తండ్రి పనికిరాడని అతనికి ఎవరూ నోటితో చెప్పలేదు. ఆ కాగితం చెప్పింది.

నా వంతు వచ్చింది. మా నాన్న రైతు అన్నాను, ఊరు పేరు చెప్పాను, హాబీ రీడింగ్ అన్నాను. మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"రీడింగ్ అనకమ్మా. అందరూ అదే అంటారు, ఎవరూ నమ్మరు. గార్డెనింగ్ అను, కొత్తగా ఉంటుంది."

"మాకు పూలకుండీ గూడ లేదు సార్."

"ఎవరొచ్చి చూస్తారమ్మా!"

"నేను నిజంగనే చదువుత సార్."

"చదువుతావులేమ్మా, నేను కాదన్నానా? నిజమైనా సరే, అబద్ధంలా వినిపిస్తే ఏం లాభం చెప్పు?"

ఆయన అన్నది తప్పు కాదు, బాధ అక్కడే. బీరువాల మధ్య దుమ్ములో కూర్చుని సంపాదించుకున్నదాన్ని ఆ కాగితం అందరికీ పంచిపెట్టేసింది. ఇప్పుడు నా నిజాన్ని నేను చెప్పుకుంటే కాగితం చూసి చెప్పినట్టు ఉంది. మర్నాటి నుంచి క్లాసుకి వెళ్ళలేదు. సర్టిఫికెట్ రాలేదు. అక్క వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది.

వేసవి సెలవులు అయిపోవచ్చే సమయంలో మా కాలనీకి దగ్గరలోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు కావాలని గేటుకు బోర్డు కట్టారు. వెళ్ళాను. ప్రిన్సిపాల్ మేడమ్‌ది విజయవాడ. ఇస్త్రీ నలగని చీర, తూచినట్టు మాట. పక్కన కరస్పాండెంట్ సారు. స్కూలు ఉన్న స్థలం ఒకప్పుడు వాళ్ళ కుటుంబం జొన్న వేసిన చేను. స్కూల్లో ఇంగ్లీషులోనే మాట్లాడాలని వాళ్ళ వెనక గోడ మీద బోర్డు ఉంది.

నా గురించి చెప్పమంటే చెప్పాను. మెల్లగానే చెప్పాను, కానీ నా వాక్యాలు నేనే కట్టుకున్నాను. హాబీ అడిగారు. రీడింగ్ అన్నాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు ముందే తెలుసు.

"ఈ మధ్య ఏ పుస్తకం చదివారు?" అని మేడమ్ ఇంగ్లీషులో అడిగారు.

ఇక్కడే ఇరుక్కుపోయాను. ఈ మధ్య చదివిన పుస్తకం పేరు నాకు తెలియదు. తెలుసుకునే వీలు కూడా లేదు. మా లైబ్రరీలో పాతబడిన పుస్తకాలను బైండింగుకి పంపుతారు. బైండరు చిరిగిన అట్టలు, పాడైన మొదటి పేజీలు తీసేసి, దళసరి అట్ట వేసి కుట్టేస్తాడు. వెనక్కి వచ్చేసరికి పుస్తకానికి పేరు ఉండదు, రాసినవారి పేరు ఉండదు, వీపు మీద తెల్లరంగుతో ఒక నంబరు ఉంటుంది. మా ఇంగ్లీషు బీరువాలో సగం పుస్తకాలు అలాంటివే. నేను వాటిని మనుషుల్లాగా గుర్తుపట్టేదాన్ని. పచ్చ అట్టది, చెదలు కొట్టింది, వాసన వచ్చేది.

"పేరు తెలియదు మేడమ్," అన్నాను ఇంగ్లీషులోనే.

మేడమ్ చిన్నగా నవ్వి పెన్ను మూత పెట్టారు. "రాసిందెవరు?"

"అదీ తెలియదు."

పెన్ను మూత పెట్టడం చూశాక నాలో భయం పోయింది. ఇక పోయేదేమీ లేదనుకున్నప్పుడు వచ్చే ధైర్యం అది. "మేడమ్, ఆ పుస్తకానికి మొదటి పేజీలు లేవు. కథ మాత్రం ఉంది. చెప్పమంటారా?" అన్నాను. ఆవిడ జవాబు చెప్పేలోపే మొదలుపెట్టాను.

చలిదేశంలో ఒక చిన్న రైల్వే స్టేషను. స్టేషన్ మాస్టరు చనిపోయాడు. ఆఖరి బండి తప్పిపోయిన ప్రయాణికులకు ఆయన భార్య ఒక గది ఇస్తుంటుంది. పొద్దున్నే అందరూ వెళ్ళిపోతారు. ఒకసారి ఒక ముసలాయన వస్తాడు, పొద్దున్న బండి వచ్చినా ఎక్కడు. రేపు వెళ్తానంటాడు. రేపు కూడా అదే మాట. ఆవిడ వెళ్ళమనదు, ఎందుకు వెళ్ళవని అడగదు. ఊళ్ళోవాళ్ళు గుసగుసలాడతారు. నా ఇంగ్లీషు తడబడింది. ఒక మాట దొరక్క పక్క సందులోంచి తిరిగి వచ్చాను. మధ్యలో మేడమ్ ఒకటి రెండు ఉచ్చారణలు సరిచేశారు. సరిచేసినట్టే మళ్ళీ పలికి ముందుకు పోయాను. ముసలాయన పెట్టె తెరిచి చూడాలని ఆవిడ నిర్ణయించుకున్న చోట ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

"ఆగుతవేందమ్మా? పెట్టెల ఏమున్నది?" అన్నారు కరస్పాండెంట్ సారు, ఆ బోర్డు కిందే కూర్చుని.

మేడమ్ ఆయన వంక చూశారు. ఆయన బోర్డు వంక చూసి, గొంతు సవరించుకున్నారు. నేను మిగతా కథ చెప్పాను.

"స్టోరీ బాగుంది," అన్నారు మేడమ్ తెలుగులోకి దిగి. "మీకు లాంగ్వేజ్ ఉంది. ప్రొనన్సియేషన్ చాలా దిద్దుకోవాలి."

"దిద్దుకుంటాను మేడమ్." అది నిజం కాబట్టి ఒప్పుకోవడం కష్టం కాలేదు.

"ఇంకో మాటండీ. పేరెంట్స్ అడుగుతారు, టీచరు ఎక్కడ చదివిందని. ఇంగ్లీష్ మీడియం, కాన్వెంట్ అని చెప్పండి. ఎవరూ చెక్ చెయ్యరు. తెలుగు మీడియం అంటే నేను వాళ్ళని ఆపలేను."

ఉద్యోగం టేబుల్ మీద ఉంది. చెయ్యి చాపితే నాది. నేను నేర్పాలనుకున్న భాష, నిలబడాలనుకున్న బోర్డు ముందు చోటు, అన్నీ ఒక్క చిన్న మాటకి.

"అది చెప్పను మేడమ్."

"చెప్పకపోతే పోనీ, అడిగినప్పుడు నవ్వి ఊరుకోండి."

"అడిగితే ఉన్నది చెప్తాను."

కరస్పాండెంట్ సారు మా ఇద్దరి మధ్యా చూపు తిప్పారు. "ఏమైతది మేడమ్? నేను గూడ తెలుగు మీడియమే గద," అన్నారు.

"మీరు పాఠం చెప్పరు కదా సార్," అన్నారు మేడమ్.

ఫోన్ చేస్తామన్నారు. ఇంటికొచ్చి జరిగింది చెబితే అక్క తల పట్టుకుంది.

"ఒక్క అబద్ధమాడితే నీ నోరు పడిపోతదా? నడమంత్రపు పౌరుషం! గిన్ని దినాలు జిరాక్స్ మిషన్ ముందట నిలబడ్డది దేనికే మరి?"

"అబద్ధమాడితే ఉద్యోగం కాన్వెంటుకొస్తది, నాకు గాదు."

అక్కకి అర్థం కాలేదు. అప్పుడు నాకూ అంతకంటే బాగా చెప్పడం రాలేదు. ఇప్పుడు చెబుతాను. నేను కాన్వెంటులో చదివానని చెప్పిన మరుక్షణం, బీరువాల మధ్య నేల మీద కూర్చుని నేను చదివిన ప్రతి పేజీ, నేనెప్పుడూ అడుగుపెట్టని ఒక భవనం ఖాతాలోకి వెళ్ళిపోతుంది. జనం ఆ భవనాన్ని మెచ్చుకుంటారు. వాళ్ళ పిల్లల్ని అందులోకి పంపడానికి వరసలో నిలబడతారు. రెండు సందుల అవతల తలుపు తెరిచి ఉన్న లైబ్రరీ వైపు ఒక్కరు కూడా చూడరు. నా పౌరుషం నా కోసమే అయితే దాన్ని ఎప్పుడో మడిచి పెట్టేసేదాన్ని. నా విద్య ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోటుకి నేను సాక్షిని. సాక్షి మాట మార్చకూడదు.

స్కూలు నుంచి ఫోన్ రావడానికి చాలా రోజులు పట్టింది. కాన్వెంటులో చదివిన అమ్మాయి ఒకామె ఒప్పుకుని, చివర్లో ఇంకో స్కూలుకి వెళ్ళిపోయిందట. మేడమ్ సూటిగానే చెప్పారు. "ఐదో తరగతి రెండు సెక్షన్లలో ఒకటి మీకిస్తున్నాను. పేరెంట్స్ మీటింగ్ దాకా చూద్దాం. అప్పుడు గొడవ రాకపోతే కంటిన్యూ చేస్తాను. వస్తే మాత్రం నా చేతుల్లో ఉండదు, ముందే చెప్తున్నా."

క్లాసులో నా పద్ధతి నాకు తెలిసిన పద్ధతే. రోజూ కాసేపు పాఠ్యపుస్తకం మూయించి కథ చదివి వినిపించేదాన్ని. తెలియని మాట వస్తే ఆగేదాన్ని కాదు. కథ అయ్యాక ఏం జరిగిందో చెప్పమనేదాన్ని, ఏ భాషలో చెప్పినా సరే. మొదట్లో అందరూ తెలుగే. "మిస్, గా నక్క ఊకెనె ఏడుస్తలేదు, నాటకం ఆడుతున్నది!" అని ఒకడు. "కాదు మిస్, దానికి నిజంగానే ఆకలేసింది," అని బెజవాడ నుంచి వచ్చినవాళ్ళ అమ్మాయి. నక్క గురించి కొట్లాడుకోవడానికి తెలుగు సరిపోక, కథలోని ఇంగ్లీషు మాటలే ఎత్తి ఒకరి మీద ఒకరు విసురుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. ఇక మేడమ్ దిద్దమన్నవి కూడా దిద్దుకున్నాను. ఫోన్‌లో వార్తలు వింటూ, వాళ్ళు పలికినట్టు పలుకుతూ వంట చేసేదాన్ని. అక్క ఇప్పుడు భయపడటం మానేసింది.

పేరెంట్స్ మీటింగ్ రోజు వచ్చింది. తల్లిదండ్రులు చిన్న బెంచీల్లో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నారు. సగం దాకా అంతా మామూలే. మా వాడు అన్నం తినడు మిస్, మా పాప ఫోన్ వదలదు మిస్. అప్పుడు చివరి వరసలో ఒక తండ్రి లేచారు. మెడలో ఆఫీసు ట్యాగ్ ఇంకా ఉంది.

"మిస్, మీ స్కూలింగ్ ఎక్కడండీ?"

తలుపు దగ్గర నిలబడ్డ మేడమ్ నా వైపు చూశారు. ఆ చూపులో హెచ్చరిక ఉంది, బతిమాలడమూ ఉంది.

"హయత్‌నగర్ అవతల గవర్నమెంటు బడి అండీ. తెలుగు మీడియం."

"మరి ఇంగ్లీషు?"

"లైబ్రరీలో నేర్చుకున్నాను."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "లైబ్రరీలో అంటే... ట్రైనింగ్ ఏం లేదా? మేము తెలుగు మీడియంలో చదివి పడ్డ బాధలు పిల్లలు పడకూడదనే కదండీ ఇక్కడ చేర్పించింది."

ఆయన గొంతులో అవమానం ఉంది. నన్ను అవమానించడం కాదు, ఆయన ఏనాడో పడింది. అది నాకు తెలిసింది కాబట్టే మెత్తగా చెప్పలేదు. "మీరు బాధపడింది తెలుగు మీడియం వల్ల కాదండీ. మీకు చదవడానికి పుస్తకం ఎవరూ ఇవ్వకపోవడం వల్ల. నేను ఇస్తున్నాను. వచ్చి నా క్లాసులో కూర్చోండి. నచ్చకపోతే అప్పుడు సెక్షన్ మార్చుకోండి."

ఆయన నిజంగానే వచ్చారు. సోమవారం సెలవు పెట్టుకుని మరీ వచ్చి, వెనక బెంచీలో కూర్చున్నారు.  నేను రోజూ చేసేదే చేశాను. ఆయన కోసం ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, ఒక్క తెలుగు మాట తగ్గించలేదు. వెళ్తూ నమస్కారం పెట్టారు. రెండు రోజుల తర్వాత వాళ్ళ పాపని రెండో సెక్షన్‌కి మార్పించారు. ఆయన్ని చూసి ఇంకొందరూ మార్పించారు.

మేడమ్ పిలిచారు. టేబుల్ మీద నా ఫైలు ఉంది. లోపలికి వెళ్తూనే ఉద్యోగం పోయిందనుకున్నాను. పోయినా నా మాట అలాగే ఉందనే తృప్తి మాత్రం గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

"చూశారా, నేను చెప్పినట్టే అయింది," అన్నారు.

"అయింది మేడమ్. మళ్ళీ అడిగినా అదే చెప్తాను."

"తెలుసు." ఆవిడ నా ఫైలు తెరిచారు. "వెళ్ళినవాళ్ళ కంటే ఉన్నవాళ్ళే ఎక్కువ. నిన్న ఇద్దరు తల్లులు వచ్చారు, మా పిల్లల్ని మార్చొద్దని చెప్పడానికి. రాత్రి పడుకోబోయే ముందు పిల్లలు వాళ్ళకి ఇంగ్లీషులో కథ చెబుతున్నారట. ఏదో తప్పుల తడకే అనుకోండి. సార్ కూడా ఉంచమన్నారు. ఉంచుతున్నాను." నా ఫైలు మూసి పక్కన పెట్టారు. "కానీ ఒక పొరపాటు చేశారు మీరు."

"ఏంటి మేడమ్?"

"అడిగాక చెప్పారు. అడిగాక చెబితే దాచిపెట్టి దొరికిపోయినట్టు ఉంటుంది. వచ్చేసారి ముందే చెప్పెయ్యండి."

నేను ఊహించని మాట అది. కాన్వెంటు అని చెప్పమన్న మనిషే ఆవిడ. ఆవిడ ఎక్కడ చదివారో నేనెప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

తర్వాతి మీటింగులో గది నిండాక, తల్లిదండ్రుల హాజరు పట్టీ కూడా తియ్యకముందే బోర్డు ముందు నిలబడ్డాను. నా పేరు చెప్పాను. నేను మీ పిల్లల ఇంగ్లీషు టీచర్‌నని ఇంగ్లీషులో చెప్పాను. ప్రభుత్వ బడిలో తెలుగు మీడియంలో చదివానని, ఈ భాషను లైబ్రరీలో నేర్చుకున్నానని ఇంగ్లీషులోనే చెప్పాను. మళ్ళీ అదంతా తెలుగులో చెప్పాను, ఎవరికీ అర్థం కాలేదనే సాకు మిగలకూడదని.  మధ్య వరసలో ఒక జంట ఏదో గుసగుసలాడుకుని లేచారు. వాళ్ళు బయటికి వెళ్ళాలంటే అందరి మోకాళ్ళూ దాటుకుని పోవాలి. నేను తొందరపడలేదు. వాళ్ళు మెల్లగా దాటుకుని, తలుపు తీసుకుని, తిరిగి దగ్గరగా వేసేదాకా ఆగి, ఇక ఎవరైనా ఉన్నారా అన్నట్టు గది మొత్తం ఒకసారి చూశాను. ఎవరూ లేవలేదు. అప్పుడు పిల్లలకి చెప్పే పాఠమే వాళ్ళకీ మొదలుపెట్టాను.